బుస్సీ, షార్ల్ జోసెఫ్ పతిస్యే ద

షార్ల్ జోసెఫ్ పతిస్యే ద బుస్సీ 18వ శతాబ్దపు ఫ్రెంచి కులీనుడు, సేనాని, దౌత్యవేత్త. 'మార్క్వీ ద బుస్సీ-కాస్తెల్నో' అన్నది ఇతని బిరుదు. ఫ్రెంచి ప్రభువర్గంలో డ్యూక్‌కు దిగువన, కౌంట్‌కు ఎగువన ఉండే అంతస్తును మార్క్వీ అంటారు. 1751 నుంచి 1758 వరకు హైదరాబాదు నిజాం దర్బారులో ఫ్రెంచి సైన్యానికి నాయకత్వం వహించి, దక్కను సుబేదారు సలాబత్ జంగ్‌కు అండగా నిలిచి, ప్రతిఫలంగా కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న తెలుగు తీరప్రాంతాన్ని ఫ్రెంచి వారి చేతికి తెచ్చాడు. బొబ్బిలి యుద్ధంలో విజయనగరం పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనకు అధిపతిగా తెలుగువారికి ఇతని పేరు సుపరిచితం. 1760లో వందవాసి వద్ద ఇంగ్లీషువారికి పట్టుబడి స్వదేశం చేరిన బుస్సీ, రెండు దశాబ్దాల తరువాత మళ్ళీ సర్వసైన్యాధ్యక్షుడుగా వచ్చి, 1785లో పుదుచ్చేరిలో మరణించాడు.

వంశం, తొలి జీవితం

బుస్సీ ఉత్తర ఫ్రాన్సులోని స్వాసోఁ పరిసరాలకు చెందిన ఒక సామాన్య కులీన కుటుంబంలో పుట్టాడు. జన్మ సంవత్సరాన్ని కొందరు 1718గాను, కొందరు 1720గాను పేర్కొంటారు. ఆనాటి ఫ్రాన్సులో పెద్ద భూస్థితి లేని కులీన కుటుంబాల కుమారులకు సైనిక వృత్తి గౌరవప్రదమైన జీవనోపాధిగా ఉండేది. రాజు సైన్యంలో ఉన్నత పదవులు ధనవంతులకే అందేవి గనుక, ఇటువంటి యువకులలో కొందరు ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ కొలువులో చేరి సముద్రాలు దాటేవారు. బుస్సీ కూడా ఆ దారిలోనే 1740లలో పుదుచ్చేరిలో సైనికాధికారి అయ్యాడు.

1748లో ఇంగ్లీషు నౌకాసేనాని బోస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించినప్పుడు పట్టణ రక్షణలో పాల్గొని, గవర్నరు దూప్లే దృష్టిలో పడ్డాడు. 1742 నుంచి 1754 వరకు గవర్నరుగా ఉన్న దూప్లే, దేశీయ రాజుల వారసత్వ తగాదాలలో ఒక పక్షానికి సైనిక సహాయమిచ్చి, అందుకు బదులుగా భూములు, వాణిజ్య హక్కులు సంపాదించే విధానాన్ని రూపొందించాడు. దానిని దక్కనులో అమలుచేసే బాధ్యత బుస్సీపై పడింది.

కర్ణాటక యుద్ధాలలో ప్రవేశం

1748లో హైదరాబాదు రాజ్య స్థాపకుడు నిజాం-ఉల్-ముల్క్ మరణించగా, అతని కుమారుడు నాసిర్ జంగ్‌కు, కుమార్తె కొడుకు ముజఫర్ జంగ్‌కు మధ్య వారసత్వ పోరు మొదలయింది. అదే సమయంలో ఆర్కాటు నవాబు పదవికి అన్వరుద్దీన్, చందా సాహెబు పోటీపడ్డారు. దూప్లే ముజఫర్ జంగ్, చందా సాహెబుల పక్షం వహించగా, ఇంగ్లీషువారు ఎదుటి పక్షంలో చేరారు. 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధంలో అన్వరుద్దీన్ హతుడయ్యాడు. ఆ పోరులో ఫ్రెంచి దళాధిపతి గాయపడగా బుస్సీ సేనను నడిపించాడు.

అతని కీర్తికి అసలు పునాది 1750 సెప్టెంబరులో చెంజి కోట పట్టుబడటంతో పడింది. మూడు కొండల మీద పరచుకొని ఉన్న ఈ కోటను అభేద్యమని ప్రజలు నమ్మేవారు. బుస్సీ రాత్రివేళ ద్వారానికి పెటార్డును, అనగా తలుపుకు ఆనించి పేల్చే మందుపాత్రను, బిగించి ద్వారం బద్దలుకొట్టి, తెల్లవారేసరికి కొండల మీది బురుజులను స్వాధీనం చేసుకున్నాడు. ఈ విజయం దేశీయ పాలకులలో ఫ్రెంచి సైన్యం పట్ల భయాన్ని, గౌరవాన్ని కూడా పెంచింది.

హైదరాబాదు ప్రయాణం, సలాబత్ జంగ్ అధికారప్రాప్తి

1750 డిసెంబరులో నాసిర్ జంగ్ తన సొంత పఠాను నవాబుల కుట్రకు బలికాగా, ముజఫర్ జంగ్ సుబేదారు అయ్యాడు. మొగలు పాలనలో సుబాకు, అంటే పెద్ద రాష్ట్రానికి, అధిపతిని సుబేదారు అంటారు. కొత్త సుబేదారుకు రక్షణగా సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులతో, 2000 మంది సిపాయిలతో బుస్సీ 1751 జనవరిలో పుదుచ్చేరి నుంచి బయలుదేరాడు. కడప సీమలో రాయచోటి సమీపాన లక్కిరెడ్డిపల్లె కనుమ వద్ద కర్నూలు, కడప, సావనూరు నవాబులు తిరగబడగా, ఆ పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు.

సేన చెల్లాచెదురయ్యే ప్రమాదమున్న ఆ వేళ, శిబిరంలోనే నిర్బంధంలో ఉన్న నిజాం-ఉల్-ముల్క్ మూడవ కుమారుడు సలాబత్ జంగ్‌ను బుస్సీ వెంటనే సుబేదారుగా ముందుకు తెచ్చి, ప్రముఖుల చేత ఒప్పించాడు. దారిలో కర్నూలు కోటను పట్టుకొని, హైదరాబాదు మీదుగా ఆ సంవత్సరం మధ్యకు ఔరంగాబాదు చేరాడు. సుబేదారు అధికారం ఫ్రెంచి తుపాకుల అండ మీద ఆధారపడిన స్థితి ఈ ఘటనతో ఏర్పడింది.

సైనిక పద్ధతి

బుస్సీ బలం సంఖ్యలో స్వల్పమైనా కవాతులో, తుపాకుల వేగంలో, తేలికగా కదిలే ఫిరంగుల వాడకంలో దేశీయ సేనల కంటే ముందుండేది. దేశీయ సిపాయిలకు ఐరోపా పద్ధతిలో శిక్షణ ఇచ్చి, ఫ్రెంచి అధికారుల కింద దళాలుగా నిలపడం అతని విధానంలో ప్రధానాంశం. అతని కొలువులో ఎదిగిన ఇబ్రహీం ఖాన్ గార్దీ తరువాత మరాఠాల పక్షాన చేరి, 1761 పానిపట్టు యుద్ధంలో వారి ఫిరంగి దళాన్ని నడిపి మరణించాడు.

రాత్రి దాడులను బుస్సీ ఎక్కువగా ఆశ్రయించాడు. 1751 చివర పీష్వా బాలాజీ బాజీరావుతో జరిగిన యుద్ధంలో చంద్రగ్రహణం నాటి రాత్రి మరాఠా శిబిరంపై హఠాత్తుగా పడి, దానిని చెల్లాచెదురు చేశాడు. 1752లో నిజాం-ఉల్-ముల్క్ పెద్ద కుమారుడు గాజీయుద్దీన్ దక్కను సుబాపై హక్కు చెబుతూ ఔరంగాబాదు వచ్చి అక్కడ విషప్రయోగంతో మరణించిన తరువాత, భాల్కి ఒప్పందం ద్వారా మరాఠాలకు కొంత భూభాగం విడిచిపెట్టి సంధి కుదిర్చాడు. మొగలు సంప్రదాయం ప్రకారం అతనికి 'ఉమ్దత్-ఉల్-ముల్క్' మొదలైన బిరుదులు లభించాయి. దర్బారు మర్యాదలను శ్రద్ధగా పాటించి, ఏనుగులు, ఛత్రచామరాలు, నజరానాల వంటి లాంఛనాలను రాజకీయ సాధనాలుగా వాడుకోవడం అతని దౌత్యంలో ముఖ్య లక్షణం.

జీతాల సమస్య, సర్కారుల దానం

ఈ ఏర్పాటులో మొదటి నుంచి ఉన్న లోపం సైన్యం జీతాలు. సుబేదారు ఖజానా సక్రమంగా చెల్లించలేని స్థితిలో ఉండటంతో సైనికులకు నెలల తరబడి జీతాలు ముట్టేవి కావు. 1753లో బుస్సీ అనారోగ్యంతో మచిలీపట్నం వెళ్ళినప్పుడు దివాను, అనగా ప్రధానమంత్రి, సయ్యద్ లష్కర్ ఖాన్ జీతాలు ఆపి, ఫ్రెంచి దళాలను విడివిడిగా దూరప్రాంతాలకు పంపి బలహీనపరచాడు. కోలుకున్న బుస్సీ దళాలను కూడదీసుకొని ఔరంగాబాదు చేరి, దివాను నుంచి శాశ్వతమైన హామీ కోరాడు.

ఫలితంగా ఆ సంవత్సరం చివర ముస్తఫానగర్ (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, చికాకోలు (శ్రీకాకుళం) సర్కారుల రాబడి ఫ్రెంచి సైన్యం జీతాలకు కేటాయించబడింది. సర్కారు అంటే సుబాలో అంతర్భాగమైన ఒక రెవెన్యూ విభాగం. మచిలీపట్నం, నిజాంపట్నం, కొండవీడు ప్రాంతాలు అంతకుముందే ఫ్రెంచి వారి చేతిలో ఉన్నందున, గుండ్లకమ్మ పరిసరాల నుంచి గంజాం సరిహద్దుల వరకు తీరమంతా వారి ప్రాబల్యం కిందికి వచ్చింది. ఆనాటి అంచనాల ప్రకారం దీని వార్షిక రాబడి 40 లక్షల రూపాయలకు పైబడినది. అయితే లెక్కలోని రాబడికి, చేతికి అందే సొమ్ముకు మధ్య ఎప్పుడూ పెద్ద తేడా ఉండేది.

సర్కారుల పాలన

పాలన రెండు అంచెలుగా సాగింది. మచిలీపట్నంలోని ఫ్రెంచి ప్రధానాధికారి మొరాసేఁ వసూళ్ళను పర్యవేక్షించగా, గ్రామాల నుంచి శిస్తు రాబట్టే పని జమీందార్లు, గుత్తదార్ల చేతిలోనే ఉండిపోయింది. గుత్త అంటే నిర్ణీత మొత్తం ప్రభుత్వానికి చెల్లిస్తానని ఒప్పుకొని వసూలు హక్కు పొందే పద్ధతి. చికాకోలు ఫౌజుదారు, అనగా సైనికాధికారాలున్న జిల్లా పాలకుడు, జాఫర్ అలీ ఫ్రెంచి వారిని ఒప్పుకోక 1754లో నాగపూరు మరాఠాలను పిలిపించి దేశాన్ని కొల్లగొట్టించాడు.

ఈ కల్లోలంలో ఫ్రెంచి వారికి సహకరించిన విజయనగరం పాలకుడు పూసపాటి పెద విజయరామరాజు ఉత్తర ప్రాంతాల గుత్తను దక్కించుకొని, తీరంలోని జమీందార్లందరిలో బలవంతుడయ్యాడు. స్థానికంగా ఒక పెద్ద జమీందారు మీద ఆధారపడటం వల్ల శిస్తు రాబడికి భరోసా లభించినా, అతని పొరుగు తగాదాలు కూడా ఫ్రెంచి వారి తలకు చుట్టుకున్నాయి.

చార్ మహల్ ముట్టడి (1756)

1755లో సలాబత్ జంగ్‌తో కలిసి మైసూరు మీదికి, 1756లో పీష్వాతో కలిసి సావనూరు మీదికి సాగిన దండయాత్రలలో బుస్సీ పాల్గొన్నాడు. సావనూరు వద్ద నవాబుకు, గుత్తి మరాఠా నాయకుడు మురారిరావుకు అనుకూలమైన షరతులతో సంధి కుదిర్చాడన్న అభియోగాన్ని ఆసరా చేసుకొని, కొత్త దివాను షానవాజ్ ఖాన్ అతనిని కొలువు నుంచి తొలగించే ఉత్తరువు సుబేదారు చేత ఇప్పించాడు. బుస్సీ తీరానికి వెళుతున్నట్టు కనబరచి, దారి మళ్ళి హైదరాబాదు చేరి, కుతుబ్ షాహీల కాలపు తోటభవనమైన చార్ మహల్‌లో మకాం పెట్టాడు.

ఎత్తైన ప్రహరీ, లోపల పెద్ద నీటి కొలను ఉన్న ఆ ఆవరణను ఫిరంగులతో పటిష్ఠం చేసి, నగరం చుట్టుపక్కల నుంచి తిండిగింజలు సేకరించి, సుమారు రెండు నెలలపాటు సుబేదారు సేనలను నిలువరించాడు. జీతాల ఆశ చూపి శత్రువులు అతని సిపాయిలను తమవైపు తిప్పుకోవడంతో చాలామంది దళాన్ని విడిచిపోయారు. మచిలీపట్నం నుంచి లా అనే అధికారి నాయకత్వంలో బయలుదేరిన సహాయక దళం ఆగస్టు మధ్యలో అడ్డంకులు దాటుకొని హైదరాబాదు చేరగానే సలాబత్ జంగ్ రాజీకి దిగి, బుస్సీని మునుపటి హోదాలో పునర్నియమించాడు.

బొబ్బిలి యుద్ధం (1757)

1756 చివర బకాయిలు రాబట్టడానికి బుస్సీ సర్కారులకు వచ్చాడు. విజయరామరాజుకు, బొబ్బిలి పాలకుడు రాజా రంగారావుకు మధ్య పాత వైరం ఉండేది. రంగారావును బొబ్బిలి నుంచి తొలగించాలని విజయరామరాజు బుస్సీ దివాను హైదర్ జంగ్ ద్వారా ఒత్తిడి తెచ్చాడు. బొబ్బిలికి బదులు మరొకచోట అంతే విలువైన భూములు తీసుకోమని బుస్సీ చేసిన ప్రతిపాదనను రంగారావు తిరస్కరించాడు. బొబ్బిలి అడవిగుండా వెళుతున్న ఒక సిపాయి దళంపై దాడి జరిగి పలువురు చనిపోవడంతో, అది బొబ్బిలివారి పనేనని నిశ్చయించుకొని బుస్సీ దండయాత్రకు అంగీకరించాడు. ఆ దాడి వెనుక విజయరామరాజు పన్నాగముందని బొబ్బిలి పక్షపు కథనం.

1757 జనవరి 24 తెల్లవారుజామున యుద్ధం మొదలయింది. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కథనం ప్రకారం బుస్సీ వెంట 250 మంది ఆశ్వికులతో కలిపి 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు ఉండగా, విజయరామరాజు తరఫున సుమారు 11,000 మంది సమకూడారు. మట్టికోట బురుజులను ఫిరంగులు ఉదయం తొమ్మిది గంటలకు కొంత కూల్చగా, నాలుగు వైపుల నుంచి నిచ్చెనలతో ఎక్కబోయిన దళాలను కోటలోనివారు గోడ అంచు దాటనివ్వలేదు. మళ్ళీ ఫిరంగులు పేల్చి చేసిన రెండో ప్రయత్నాన్ని కూడా అదే పట్టుదలతో తిప్పికొట్టారు. మధ్యాహ్నం రెండు గంటల వేళ ఇక కోట నిలవదని తేలాక, రంగారావు తనవారిని సమావేశపరచి, స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా ఇళ్ళకు నిప్పుపెట్టి వారిని అంతమొందించే నిర్ణయం తీసుకున్నాడు. అనంతరం పోరాడుతూ తానూ నేలకొరిగాడు.

కోటలో ప్రవేశించిన ఫ్రెంచి అధికారులు ఆ దృశ్యం చూసి చలించిపోయారని ఓర్మ్ రాశాడు. ప్రాణాలతో బయటపడిన రంగారావు చిన్న కుమారుణ్ణి ఒక వృద్ధుడు లా చెంతకు తీసుకురాగా, బుస్సీ ఆ బాలునికి రక్షణ కల్పించాడు. మూడో నాటి రాత్రి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు తన అనుచరులతో డేరాలో ప్రవేశించి విజయరామరాజును హతమార్చాడు. విజయనగరం గద్దెకు వారసుడుగా ఆనందరాజును గుర్తించి, బుస్సీ ఉత్తరానికి సాగాడు. (చూ. బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడు)

ఐరోపాలో ఏడేళ్ళ యుద్ధం మొదలై ఇంగ్లీషు, ఫ్రెంచి వారు మళ్ళీ శత్రువులైన కాలమది. బెంగాలు నవాబు సిరాజుద్దౌలా బుస్సీ సహాయం కోరినా, 1757 మార్చిలో అక్కడి ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్ ఇంగ్లీషువారి వశమైనందున అతడు బెంగాలు ప్రయాణం విరమించాడు. జూన్‌లో విశాఖపట్నం ఇంగ్లీషు స్థావరాన్ని లొంగదీసుకొని, అక్కడివారిపట్ల మర్యాదగా వ్యవహరించాడు.

వెనుకకు పిలుపు, సర్కారుల పతనం

బుస్సీ తీరంలో ఉన్న కాలంలో షానవాజ్ ఖాన్, సుబేదారు తమ్ముడు నిజాం అలీ కలిసి అతనికి వ్యతిరేకంగా పావులు కదిపారు. 1758లో ఔరంగాబాదు చేరిన బుస్సీ దౌలతాబాదు కోటను వశపరచుకున్నాడు. మే నెలలో నిజాం అలీ తన డేరాలో హైదర్ జంగ్‌ను చంపించగా, ఆ అల్లర్లలో షానవాజ్ ఖాన్ కూడా హతుడయ్యాడు.

పరిస్థితి ఇంకా సర్దుకోకముందే పుదుచ్చేరి కొత్త ప్రధానాధికారి లాలీ, ఇంగ్లీషువారిని కోరమాండల్ తీరం నుంచి తరిమివేయడమే మొదటి పని అని భావించి, బుస్సీని దక్కను వదిలి రమ్మని ఆజ్ఞాపించాడు. సలాబత్ జంగ్ భయాలను, తన అభ్యంతరాలను పక్కన పెట్టి బుస్సీ ఆజ్ఞను శిరసావహించాడు. సర్కారుల బాధ్యతను ఫ్రెంచి సేనాని కాంఫ్లాఁకు అప్పగించాడు. విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువారిని ఆహ్వానించగా, బెంగాలు నుంచి వచ్చిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి వద్ద కాంఫ్లాఁను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. మే నెలలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకొని, ఫ్రెంచి వారికి తన రాజ్యంలో చోటివ్వనని మాట ఇచ్చాడు. బుస్సీ ఏడేళ్ళు నిర్మించినది అతడు వెళ్ళిన పది నెలలలో కూలిపోయింది.

వందవాసి, స్వదేశ జీవితం

లాలీకి బుస్సీ పట్ల నమ్మకం లేదు. దక్కనులో అతడు సొంత సంపదకే పాటుపడ్డాడని లాలీ అనుమానించగా, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆరుగురు కర్నళ్ళు మాత్రం హోదాలో తమకంటే తక్కువైన బుస్సీని తమపై నియమించాలని లిఖితపూర్వకంగా కోరారు. 1760 జనవరి 22న వందవాసి యుద్ధంలో ఫ్రెంచివారి లొరేన్ పటాలం విచ్ఛిన్నమైన వేళ బుస్సీ కాలినడకన బాయ్‌నెట్ల దాడికి నాయకత్వం వహిస్తూ ఇంగ్లీషువారికి చిక్కాడు. మళ్ళీ యుద్ధంలో పాల్గొననన్న వాగ్దానంపై విడుదలై ఫ్రాన్సు చేరి, మంత్రి శ్వాజోల్ బంధువర్గంలో వివాహం చేసుకొని, దక్కనులో గడించిన ధనంతో ఎస్టేటు సంపాదించాడు. 1761లో పుదుచ్చేరి పతనం తరువాత విచారణకు గురైన లాలీకి 1766లో మరణశిక్ష అమలయింది. ఆ వివాదంలో లాలీ, బుస్సీలు ఒకరిపై ఒకరు ఆరోపణలతో పత్రాలు ప్రచురించారు.

రెండవ రాక, మరణం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్సు ఇంగ్లండుతో తలపడినప్పుడు, గుడ్‌హోప్ అగ్రానికి తూర్పున ఉన్న ఫ్రెంచి సైన్యాలన్నింటికీ బుస్సీని అధిపతిగా నియమించారు. దారిలో ఆలస్యం, అనారోగ్యం ఎదురై 1783 మార్చిలో పరంగిపేట వద్ద దిగేసరికి, మిత్రుడు కావలసిన మైసూరు పాలకుడు హైదర్ అలీ మూడు నెలల ముందే మరణించాడు. అతని కుమారుడు టిప్పు సుల్తాను పడమటి తీరానికి మరలిపోయాడు.

జూన్‌లో ఇంగ్లీషు సేనాని స్టూవర్ట్ కడలూరును ముట్టడించగా, అరవై ఐదేళ్ళకు చేరువైన బుస్సీ కోటను కాపాడాడు. నావికుల కొరతతో ఉన్న నౌకాసేనాని సుఫ్రెన్‌కు 1200 మంది సైనికులను ఓడలపైకి ఇచ్చాడు. సుఫ్రెన్ ఇంగ్లీషు నౌకాదళాన్ని ఎదుర్కొని తీరం నుంచి తొలగిపోయేలా చేశాడు. జూన్ 25న కోట నుంచి జరిగిన ఎదురుదాడి విఫలమైన తరువాత, ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త రావడంతో పోరు ఆగింది. పుదుచ్చేరి పాలనాధికారిగా ఉంటూ 1785 జనవరిలో బుస్సీ అక్కడే కన్నుమూశాడు.

తెలుగు సాహిత్యంలో, కళలలో

బొబ్బిలి యుద్ధం ద్వారా బుస్సీ తెలుగు సాహిత్యంలో స్థిరపడ్డాడు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్ర'లోను, జంగం కథకులు పాడే బొబ్బిలి కథలోను, వేదం వేంకటరాయశాస్త్రి 'బొబ్బిలి యుద్ధము' నాటకంలోను ఈ ఘట్టం వివరంగా కనబడుతుంది. 1964లో ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు నటించిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో కృష్ణంరాజు నటించిన 'తాండ్ర పాపారాయుడు' చలనచిత్రాలు దీనినే ఇతివృత్తంగా తీసుకున్నాయి. ఈ రచనలలో బుస్సీ సాధారణంగా పరదేశి సేనాపతిగా, ఇతరుల పన్నాగాలకు లోబడినవాడుగా చిత్రితుడు. కథకు కేంద్రం బొబ్బిలి వీరులే.

అంచనా, ప్రాముఖ్యం

బుస్సీని గూర్చి చరిత్రకారులలో రెండు దృక్పథాలున్నాయి. ఓర్మ్ వంటి ప్రత్యర్థి పక్షపు రచయితలు సైతం అతని సైనిక నేర్పును, దౌత్య కౌశలాన్ని మెచ్చుకోగా, ఫ్రెంచి చరిత్రకారుడు ఆల్ఫ్రెద్ మార్తినో అతని దక్కను జీవితాన్ని విస్తృతంగా అధ్యయనం చేశాడు. లాలీ సరిగా అంచనా వేయలేక దక్కను ప్రాబల్యాన్ని చేజార్చాడని ఒక వాదం. సముద్రంపై ఆధిపత్యం, స్వదేశం నుంచి నిధులు లేని ఫ్రెంచి కంపెనీకి ఆ ప్రాబల్యం ఎలాగూ నిలిచేది కాదని మరొక వాదం. కొద్దిపాటి సేనతో ఒక పెద్ద దర్బారును ఏళ్ళ తరబడి ప్రభావితం చేసిన నేర్పును రెండు పక్షాలూ అంగీకరిస్తాయి. ఆ సేన ఖర్చు భరించిన తీర రైతాంగం మీద గుత్తదార్ల ఒత్తిడి, యుద్ధాల దోపిడి పడిన సంగతిని కూడా ఈ అంచనాలో చేర్చి చూడవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంత చరిత్రలో బుస్సీ పాత్రకు ప్రాధాన్యం రెండు కారణాల వల్ల కలిగింది. దేశీయ పాలకునికి సైన్యాన్ని సమకూర్చి, జీతాల కోసం భూభాగపు రాబడిని తీసుకొని, క్రమంగా దర్బారు నిర్ణయాలను శాసించే పద్ధతిని అతడు హైదరాబాదులో ఆచరణలో పెట్టాడు. ఇంగ్లీషువారు 1798లో నిజాంతో కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందంలో అదే సూత్రాన్ని అనుసరించారు. 1783లో బుస్సీ వద్ద సహాయాధికారిగా పనిచేసి తరువాత నిజాం సేనను తీర్చిదిద్దిన రేమండ్ శిక్షితదళాలు ఆ ఒప్పందంతోనే రద్దయ్యాయి. రెండవది, సర్కారుల విషయం. ఫ్రెంచి సైన్యం జీతాల కోసం నిజాం రాజ్యం నుంచి విడదీసిన ఈ తీరప్రాంతంలో అత్యధిక భాగం, మొగలు చక్రవర్తి ఇచ్చిన 1765 నాటి ఫర్మానా, నిజాం అలీతో జరిగిన 1766 నాటి ఒప్పందం ద్వారా ఇంగ్లీషువారి స్వాధీనమైంది. నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలిన గుంటూరు సర్కారు కూడా 1788లో వారికి చేరింది. కోస్తా ఆంధ్ర మద్రాసు ప్రభుత్వం కిందికి, తెలంగాణ నిజాం పాలన కిందికి వేరుపడిన చరిత్ర క్రమంలో 1753 నాటి సర్కారుల దానం తొలి మెట్టు. (చూ. ఉత్తర సర్కారులు, దూప్లే, రేమండ్, సలాబత్ జంగ్)